లోటు లేదని రాసిన చెయ్యి

(తొమ్మిదో వారం)

సలీం ఊరు చేరేసరికి రజియాబీని మట్టి చేసి మూడు రోజులయింది.

నాగపూర్ అవతల లారీ ఆగిపోయింది. ఓనరు ఫోనెత్తడం మానేశాడు. నడిచి, దొరికిన బండెక్కి, మళ్ళీ నడిచి పదిహేను రోజులకి చిల్లకల్లు వచ్చాడు. ఇంట్లో తండ్రి మొహిద్దీనూ, ఏడేళ్ళ కూతురు ముంతాజూ మిగిలారు. ఐదో నెల కడుపుతో కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి రజియా పడిపోయింది. లేవలేదు. నర్సమ్మ వచ్చి కంటిరెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తం లేదంది, కడుపులో తిండి లేదంది. కరోనా కాదని తెలిసి వీధంతా ఊపిరి పీల్చుకుంది. ఆకలి అంటుకునే జబ్బు కాదు కదా.

ఊరికి కిట్లు రాకపోలేదు. జగ్గయ్యపేట నుంచి అన్నదీపం సమితి వాళ్ళు బియ్యం, పప్పు, నూనె కట్టి పంపారు. ఏ ఇంటికి ఇవ్వాలో తేల్చడానికి ముందుగా ఇంటింటికీ కాగితాలు రాయించారు. ఆ రాసినవాడు ఉమాకాంతం మాస్టారు. ఈ సంగతి పేటలో ఉండే లూర్దమ్మ చెప్పింది.

"మా పేటకి డెబ్భై కిట్లొచ్చినయ్యి రా సలీమూ. మీ వీధికి ఒక్కటి రాలా. మా పేటలో ఆడాళ్ళమే గుమ్మంలో నిలబడి చెప్పాం, కడుపులు మాడుతున్నాయయ్యా రాసుకోమని. మీ ఇంటి ముందు ఆ మాస్టారు నిలబడ్డాడు, 'లోటు లేదు' అని పైకి అనుకుంటా రాసుకుని చక్కా పోయాడు. నేను మీ వీధి అరుగు మీంచి చూస్తానే ఉన్నా."

ఆ మాట విని సలీం గోనెసంచిలోంచి వీలు పానా బయటికి తీశాడు. లారీ చక్రాల నట్లు విప్పే ఇనుప కడ్డీ అది. చేతికి మూరెడు పొడుగు. కిందటి వారం అక్కడ ఆగాం.

మర్నాడు పొద్దున పదకొండు దాటింది. ఎండకి రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. ఎదురొచ్చిన ఇద్దరు సలీం చేతిలో ఇనుము చూసి మూతికి గుడ్డ కట్టుకుని పక్కకి తప్పుకున్నారు. ఆ రోజుల్లో ఎవడైనా ఎవడినుంచైనా తప్పుకోవడానికి ఒక సాకు ఉండేది.

ఉమాకాంతం అద్దెకుండేది రెండు గదుల వాటా. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని ఏదో రాస్తున్నాడు. రెండో విడత కాగితాలు. ప్రైవేటు బడిలో ఇరవై ఆరేళ్ళు తెలుగు చెప్పాడు. మార్చిలో బడి మూశారు, జీతం మూశారు. సమితి వాళ్ళు ఈ పని ఇచ్చారు. సలీంకి ఆరో తరగతిలో ఛందస్సు చెప్పబోయి, వల్లకాక, "నువ్వు స్టీరింగే పట్టుకోరా" అని నవ్వినవాడు ఆయనే.

గేటు తోసిన చప్పుడికి తలెత్తాడు.

"ఎవరూ?"

"రజియాబీ మొగుణ్ణి."

మాస్టారు లేవబోయాడు. సలీం కుర్చీ కాలు మీద కొట్టాడు. ప్లాస్టిక్ పెళుసుగా పగిలింది. మాస్టారు వెల్లకిలా పడ్డాడు. కాగితాలు వసారా నిండా చెదిరాయి.

"సలీమూ, కూచో నాయనా. కూచుని మాట్లాడు."

"కూచోడానికి రాలేదండి. మా ఇంటి కాగితం తియ్యండి."

"అది జగ్గయ్యపేట పంపేశా."

"నకలుంటది. మీ సంగతి నాకు తెలుసు మాస్టారూ. మీరు బళ్ళో తీయించిన గుంజీళ్ళకి కూడా నకలుంచేవాళ్ళు."

ఉంది. గూట్లో గుడ్డసంచిలో కట్ట కట్టి ఉంది. మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి వెతికి తీశాడు.

"చదవండి."

"నువ్వే చదువుకో నాయనా."

"నాకు చదువు రాదని మీరే అన్నారుగా. చదవండి!"

మాస్టారు కళ్ళజోడు వెతుక్కున్నాడు. ఒక అద్దం పగిలింది. రెండో అద్దంలోంచి చదివాడు.

"షేక్ మొహిద్దీన్. ఇంట్లో ముగ్గురు, పైఊళ్ళో ఒకరు. కార్డులో పేర్లు ఒకటి."

ఆ ముక్క సలీంకి తగిలింది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. భార్య పేరు, పిల్ల పేరు కార్డులో ఎక్కించాలని ప్రతి ట్రిప్పుకీ అనుకునేవాడు. వచ్చే ట్రిప్పుకి చూద్దాం అనుకునేవాడు. ముగ్గురున్న ఇంటికి ఒక్క ముసలాయన బియ్యమే వచ్చేది.

"ఆ తర్వాత?"

"గత ఏడు రోజుల్లో ఇంట్లో ఎవరైనా పూట తిండి మానారా?" మాస్టారు వేలు కింది వరస మీదికి జరిగింది. "మానారు. ఉపవాసం. పండగది. లెక్కలోకి రాదు."

"ఏంటి?"

"ఉపవాసం, నాయనా. సమితి వాళ్ళు ముందే చెప్పారు, పండగ ఉపవాసాలు లెక్కలో వెయ్యొద్దని. మీ వీధిలో నలభై రెండు ఇళ్ళు. ఏ ఇంట్లో అడిగినా రోజా అన్నారు. మీ ఆవిడ కూడా తెర వెనకనుంచి అదే మాట అంది. రోజా ఉన్నా మాస్టారూ అంది. నేను విన్నదే రాశా."

"కడుపుతో ఉన్నదానికి రోజా అక్కర్లేదయ్యా! మా ఇళ్ళల్లో పాలుతాగే పిల్లకి తెలుసు ఆ సంగతి!"

"నాకు తెలీదు."

"అడిగితే తెలిసేది. సాయంత్రం ఏం తిని రోజా విడుస్తున్నావమ్మా అని ఒక్క ముక్క అడిగితే తెలిసేది."

"ఆ ప్రశ్న కాగితంలో లేదు."

పానా లేచింది. మాస్టారు కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. దెబ్బ మణికట్టుకీ మోచేతికీ మధ్య పడింది. చెరుకుగడ విరిచినట్టు చప్పుడయింది. ఒక్క క్షణం ఇద్దరూ ఆ చేతినే చూశారు. ఉండకూడని చోట ఒక వంపు వచ్చింది. తర్వాత మాస్టారు అరిచాడు. ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పిన గొంతు. వీధి చివరిదాకా వినిపించింది. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

సలీం వంగి కాగితం తీసుకున్నాడు. చదువు రాదన్నది కోపం మాట. లారీ మీద ఊళ్ళపేర్లు చదివినవాడికి తెలుగు ముక్క చదవడం రాకపోదు. అట్టడుగున ఒక వరుస ఉంది. ఇంటి యజమాని జవాబు. దాని ఎదురుగా గుండ్రటి అక్షరాలు: లోటు లేదు.

"ఇదెవరు చెప్పారు?"

మాస్టారు విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఊగుతున్నాడు.

"మా నాన్న చెప్పాడా?"

"కాదు."

"రజియానా?"

"ఆ పిల్ల ఏం చెప్తుంది? తెర వెనక ఉంటే."

"మరెవరు? మా ఇంట్లో నోరున్నవాళ్ళు ఇద్దరే. మూడోది పిల్ల."

"నేనే రాసుకున్నా. ఎవరూ చెప్పలా. నా బుద్ధి గడ్డితిని రాసుకున్నా. చాలా? ఇంకో దెబ్బ వెయ్. తల మీద వెయ్."

సలీం చొక్కా పట్టి లేపి గోడకేసి కొట్టాడు. తల వెనక సున్నం రాలింది. పెదవి చిట్లి నెత్తురు చుబుకం మీదికి కారింది. ఎవర్ని కాస్తున్నాడు ఈ ముసలాడు? తండ్రినే అయి ఉండాలి. తండ్రిని కాస్తున్నాడు. ఈయన్ని ఇక్కడ ముగించి, ఇంటికెళ్ళి ఆయన్ని ముగించాలి.

పానా తలపైకి ఎత్తాడు.

"ఆ దెబ్బ ఆపు. చెప్పవలసింది నేను చెప్తా."

లోపలి గడపలో మాస్టారి భార్య వసుమతి నిలబడింది. నిలబడటానికి ద్వారబంధం పట్టుకుంది. రవికె చేతులు వదులై జారుతున్నాయి. సలీం ఆమెని చివరిసారి చూసింది కార్తీకంలో. అప్పుడు ఆమె మనిషి.

"నువ్వు లోపలికి పో వసూ" అన్నాడు మాస్టారు.

"మీరు నోర్ముయ్యండి."

ముప్ఫై ఏళ్ళలో ఆ మాట ఆ ఇంట్లో మొదటిసారి పుట్టింది. మాస్టారు నిజంగానే మూశాడు.

"ఆ రోజు ఇంటికి వస్తూనే ఈయన నాతో ఏమన్నారో తెలుసా? 'మన సలీం ఎంత పౌరుషవంతుడయ్యాడు వసూ' అన్నారు. మెచ్చుకున్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకుని మెచ్చుకున్నారు."

"నన్నా? నేనక్కడ లేనుగా."

"నీ ఫోనుంది. మీ నాన్న నీకు ఫోన్ చేసి, మాస్టారొచ్చారురా, ఏం చెప్పమంటావు అని అడిగాడు. పెద్దగా వినపడేట్టు పెట్టాడు. నువ్వేం చెప్పావో నువ్వే గుర్తు చేసుకో."

సలీం చేతిలో పానా ఎత్తినది ఎత్తినట్టే ఉంది.

గుర్తొచ్చింది. ఏప్రిల్ ఆఖరి రోజు. మిట్టమధ్యాహ్నం. నాగపూర్ అవతల హైవే పక్కన గురుద్వారా ముందు అన్నదానం వరసలో నిలబడ్డాడు. అతని ముందు ఇరవైమంది డ్రైవర్లు, వెనక ముప్ఫైమంది. చేతిలో స్టీలు పళ్ళెం. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించాడు. అవతలనుంచి తండ్రి గొంతు, దాని వెనక మాస్టారి గొంతు. ఏడో ఏట నుంచి తెలిసిన గొంతు. ఆ గొంతు ముందు తమ ఇంటి పొయ్యి వెలగడం లేదని చెప్పడానికి నోరు రాలేదు.

"మాస్టారూ, మేం చెయ్యి చాచేవాళ్ళం కాదండి. లోటు లేదని రాసుకోండి. నేను డబ్బు పంపుతున్నాగా."

పంపలేదు. పంపడానికి లేదు. వెనకవాడు "ఆగే బఢో భాయ్" అని తోశాడు. సలీం ఒక అడుగు ముందుకేసి పళ్ళెం చాచాడు. నాలుగు రొట్టెలు, గరిటెడు పప్పు పడ్డాయి. చెట్టు కింద కూచుని తిన్నాడు. మళ్ళీ వరసలో నిలబడి ఇంకో రెండు రొట్టెలు తీసుకున్నాడు.

ఆ పూట రజియా తెర వెనక నిలబడి అతని మాట విన్నది. విని రోజా అన్నది. మొగుడు పోగొట్టుకోని పరువుని తాను పోగొట్టలేక అన్నది.

"నువ్వు అబద్ధం చెప్తున్నావు" అన్నాడు సలీం. వసుమతమ్మగారూ, మీరు అని పిలవడం అలవాటున్న నోరు అది.

"ఆహా. నీ కోసం అబద్ధమాడింది ఇదిగో, ఈయన. నువ్వు తట్టుకోలేవని చెయ్యి విరగ్గొట్టించుకుని కూడా నీ పేరు చెప్పలా. మగాళ్ళు మగాళ్ళని ఎంత బాగా కాచుకుంటారు!" ఆమె గోడ పట్టుకుని రెండడుగులు ముందుకొచ్చింది. కింద పడిన కాగితాల్లోంచి ఒకటి కాలితో జరిపింది. "మా ఇంటి కాగితం కూడా ఉంది. చదువు. అదీ ఈయన రాసిందే. నన్ను అడగాల్సిన పని లేకుండా రాశారు."

సలీం చూడలేదు. చూడక్కర్లేకుండానే తెలిసింది.

"సోమవారం శివుడికి. మంగళవారం ఆంజనేయుడికి. గురువారం సాయిబాబాకి. శనివారం వెంకటేశ్వరస్వామికి. మధ్యలో ఏకాదశి. రెణ్ణెల్లుగా వారానికి నాలుగు రోజులు నేను ఉపవాసం సలీమూ. ఈయన పళ్ళెంలో అన్నం తగ్గలేదు గనక ఈయనకి లోటు కనపడలేదు. 'నీకు భక్తి ఎక్కువైంది వసూ' అన్నారు. నీ పెళ్ళానికీ నాకూ దేవుళ్ళు వేరు. మాడింది ఒక్కటే."

మాస్టారు భార్య వంక చూశాడు. రవికె చేతులు చూశాడు. మెడ చూశాడు. విరిగిన చెయ్యి ఒళ్ళో వదిలేసి ఎడంచేత్తో ముఖం కప్పుకున్నాడు.

సలీం పానా ఆమె వైపు తిప్పాడు. ఎందుకు తిప్పాడో అతనికే తెలియదు. నిజం చెప్పిన నోటిని కొట్టాలనిపించడం మగవాడికి కొత్త కాదు.

వసుమతి కదల్లేదు.

"కొట్టు. ఒక్క దెబ్బకి పోతా, రెండోది దండగ. కొట్టేముందు ఒక్క పని చెయ్. మీ ఇంట్లో ఇప్పుడు ఆడది ఒక్కతే ఉంది. ఏడేళ్ళది. వచ్చి రెండు రోజులయిందిగా, అది ఎప్పుడు తిన్నదో చూశావా? వెళ్ళి చూసి రా. వచ్చి కొట్టు. నేనెక్కడికీ పోను."

చూడలేదు. వచ్చిన రోజు సమాధి దగ్గర పడున్నాడు. నిన్న లూర్దమ్మ మాట విని పానా నూరుతున్నట్టు రాత్రంతా గోడకేసి రాస్తూ కూచున్నాడు. పిల్ల గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే, పోయి పడుకోమని కసిరాడు. పిల్ల పోయింది. ఏమన్నా తిన్నావా అని అతను అడగలేదు. ఆ ప్రశ్న అతని దగ్గర కూడా లేదు.

గేటు దాటాక పరుగందుకున్నాడు.

తమ పడమటి వీధి మొదట్లో కరోనాకని అడ్డంగా కర్రలు కట్టి ఉన్నాయి. వంగి దూరాడు. చొక్కా చేతికి మాస్టారి నెత్తురు అంటుకుని ఎండకి అట్టకట్టింది. ఇంటి ముందు తడిక నీడలో మొహిద్దీన్ చాప మీద కూచుని తస్బీ పూసలు తిప్పుతున్నాడు. కొడుకుని చూశాడు. చొక్కా మీద నెత్తురు చూశాడు. పూసలు ఆగాయి, అంతే.

"ముంతాజ్ ఏది?"

"నువ్వు ముందు కాళ్ళు కడుక్కో."

"పిల్ల ఏది నాన్నా?"

"ఆడుకోడానికి పోయింది."

సలీం లోపలికి దూరాడు. ఒక గది, ఒక వంటిల్లు. వంటింట్లో గిన్నెలు బోర్లించి ఉన్నాయి. పొయ్యిలో బూడిద కూడా లేదు, ఎత్తి ఊడ్చేశారు. దండెం మీద పిల్ల గౌన్లు రెండుండాలి. లేవు. గుమ్మం దగ్గర దాని చెప్పులు లేవు.

బయటికొచ్చి తండ్రి గొంతు పట్టుకున్నాడు. ముసలివాడు చాప మీంచి సగం లేచాడు. తస్బీ తెగి పూసలు మట్టిలో దొర్లాయి.

"ఆడుకోడానికి గౌన్లు మూటగట్టుకుని పోయిందా? చెప్పు. ఈ చేత్తోనే ఇప్పుడు ఒకణ్ణి విరిచి వచ్చా. ఇంకొకణ్ణి విరవడానికి ఎంతసేపు?"

"విరువు." మొహిద్దీన్ పీక నొక్కుకుపోయి గొంతు బొంగురుగా వచ్చింది. కళ్ళు మాత్రం తిప్పుకోలేదు. "విరువు రా. నువ్వు ఫోన్లో చెప్పావు, నేను తలూపా. కోడలు పోయింది. ఈసారి నిన్ను అడగదల్చుకోలా."

"ఏం చేశావు?"

"నువ్వు అటు పోగానే కారొచ్చింది. నిన్నే మాట్లాడుకున్నా."

"ఎవరి కారు?"

"ఎవరో ఉద్యోగస్తులు. నందిగామ. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఇంటినుంచే పని చేసుకుంటన్నారంట. ఏడాది పిల్లాడున్నాడంట. వాణ్ణి ఎత్తుకుని ఆడించడానికి పిల్ల కావాలన్నారు."

"ఏడేళ్ళదిరా అది!" తండ్రిని ఏరా అన్నానని సలీంకి తెలియలేదు. "ఏడేళ్ళది ఏడాది వాణ్ణి ఎత్తుకుంటదా?"

"రెండు రోజులకోసారి తినే పిల్ల ఎనిమిదో ఏడు చూస్తదా? దాని పళ్ళెం ఎప్పుడన్నా చూశావా నువ్వు? నేను చూశా. చూసి, నా పళ్ళెం నేను తిన్నా. నేనెట్టాంటోణ్ణో నాకు తెలుసులే. నా దగ్గరుంటే చస్తది. నీ దగ్గరున్నా చస్తది. అందుకని పంపేశా."

"నందిగామలో ఎక్కడ? ఏ వీధి? వాళ్ళ పేరేంటి?"

సలీం పట్టు బిగించాడు. ముసలివాడి కాళ్ళు చాప మీద కొట్టుకున్నాయి. ఎదురింటి కిటికీలో ఎవరో ఆడమనిషి కేకేసింది.

"పేరు చెప్పు!"

"కడుపునిండా అన్నం పెడతారా అని అడిగా." మాట మాటకీ మధ్య గాలి కోసం ఎగశ్వాస తీశాడు. "పెడతామన్నారు. మూడు పూటలా పెడతామన్నారు. పిల్ల అప్పుడే కారెక్కేసింది. వెనక్కి కూడా చూళ్ళా."

"పేరు!"

"అడగలా" అన్నాడు మొహిద్దీన్. "పేరు అడగలా."